రెండో ఫిల్ము

చీకటిగదిలో షెహాతా బొటనవేలు పంటి ఎక్స్‌రే ఫిల్ము మూలనున్న బొడిపెను తడిమి పట్టుకుంది. ఆవగింజలో సగం కూడా ఉండదది. అది తనవైపు తిరిగి ఉందని రూఢి చేసుకున్నాక ఫిల్మును క్లిప్పుకు తగిలించి, మందునీళ్ల తొట్టిలోకి దించాడు. దించి, నడక మొదలుపెట్టాడు.

నడకంటే కాళ్లతో కాదు. ఆ గదిలో గడియారం లేదు. ఉన్నా, మూలన వెలిగే ఎర్రబల్బు కింద ముల్లు కనిపించదు. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అతనొక పద్ధతి అలవాటు చేసుకున్నాడు. మనసులోనే ఇంటి తలుపు వేసి, పదిహేడు మెట్లు దిగి, రొట్టెల బట్టీ దాటి, కుర్చీలకు వార్నిష్ పూసే వీధి గుండా చేపల బజారులోకి వచ్చి, అక్కణ్నుంచి నది ఒడ్డుకు. వంతెన మొదట్లోకి చేరేసరికి ఫిల్ము మీద బొమ్మ తేలుతుంది. చలికాలంలో మందు చల్లబడి నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకొంచెం ముందుకు, ఒడ్డున ఉన్న సిమెంటు బెంచీ దాకా నడవాలి. ఈ జనవరిలో, బల్లలూ కుర్చీలూ చేసి బతికే దమ్యాత్ ఊరంతా వానకు నానుతోంది. వారంరోజులుగా షెహాతా ప్రతి ఫిల్ముకూ బెంచీ దాకా నడుస్తున్నాడు.

ఈ పొద్దు మాత్రం చేపల బజారు దగ్గర ఆగిపోయాడు. ఎడమ కింది దవడ లోపల ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది. తెల్లవారి లేచినప్పటినుంచీ అంతే. వేలితో ఒక్కో పన్నూ నొక్కి చూసుకున్నాడు. ఏదీ ఉలకలేదు. మళ్లీ నడక అందుకుని, బెంచీ చేరి, ఫిల్మును పైకెత్తి ఎర్రటి వెలుగుకు అడ్డంగా పట్టాడు. ఎవరిదో కింది దవడ పన్ను, రెండు వేర్లు, వాటి మధ్య తెల్లగా నిండుగా ఎముక. మంచి పన్ను. నీళ్లలో కడిగి రెండో తొట్టిలోకి మార్చాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫై రెండేళ్లు ఎక్స్‌రే గొట్టం మీదికి ఒకేవైపు వంగడంతో ఎడమ భుజం కుడిదానికంటే కిందికి దిగిపోయింది. వేళ్ల చివర్లు మందునీళ్లకు గోధుమరంగు తేలి, ఎంత రుద్దినా వదలవు. దుస్తుల్లో ఎప్పుడూ పులిసిన వాసన. దాన్ని ముందు గమనించింది అతను కాదు, అతని భార్య. గుమ్మంలోనే చొక్కా విప్పించి, వేరే బకెట్లో నానబెట్టేది. ఇప్పుడు ఒకటే బకెట్టు.

బయటికి వస్తే కళ్లు చిట్లించాలి. కిటికీ దగ్గర చీట్లు రాసే నగాత్ అతన్ని చూస్తూనే చెయ్యి ఆపింది.

"ఏంటి బాబాయ్, దవడ పట్టుకున్నావ్?"

"ఏం లేదు. చలికి."

"పళ్ల ఆసుపత్రోడికి పంటినొప్పంటే బయట పరువేం కావాలి? డాక్టరమ్మకి చూపించుకో."

"చూపిద్దాంలే."

"నీ జబ్బంతా ఆ 'లే'లోనే ఉంది. ఫిల్ములు ఇంకెన్నున్నాయ్?"

"ఇవాళ్టికి సరిపోతాయి. ఒకటి మిగులుద్ది."

"ఇంకేం, ఆ మిగిలింది నీ పంటికి వాడుకో. ముప్ఫయ్యేళ్లు ఊరందరివీ తీశావ్, నీదొకటి తీస్తే ఎవరడుగుతారు?" అని బీన్స్ నింపిన రొట్టె సగం తుంచి అతనివైపు తోసింది. "తిను. కుడివైపు నములు."

షెహాతా రొట్టె తీసుకున్నాడు గానీ అక్కడ కూర్చోలేదు. చీకటిగదిలో నిలబడి తిన్నాడు. మూడేళ్లుగా అలాగే తింటున్నాడు. నగాత్ మొదట్లో పిలిచేది, తర్వాత మానేసింది.

ఆసుపత్రికి కొత్త మిషను వస్తోంది. తల చుట్టూ తిరిగి తెరమీద అన్నీ చూపిస్తుందట. మందునీళ్లు అక్కర్లేదు, చీకటీ అక్కర్లేదు. అందుకని ఫిల్ముల సరఫరా ఆపేశారు. ఉన్న పెట్టె అయ్యేదాకా 'మనిషికి ఒక్కటే' అని కాగితం రాసి గోడకు అంటించారు. ఆదివారం నుంచి షెహాతాను ఫైళ్ల గదిలో కూర్చోమన్నారు. అతను సరేనన్నాడు.

అతను ఊరి జనాన్ని పళ్లనుబట్టి గుర్తుపడతాడు. బజారులో జున్ను అమ్మేవాడు ధర చెప్పడానికి నోరు తెరిస్తే, కింది కుడివైపు కొక్కెంలా వంగిన వేరు గుర్తొస్తుంది. వాళ్లకు మాత్రం ఇతను గుర్తుండడు. నోట్లో ఫిల్ము, చేతి బొటనవేలు దాన్ని అదిమి పట్టుకుని ఉండగా, కళ్లు పైకప్పు మీద పెట్టుకుని ఎవరు ఎవరిని చూస్తారు? ముప్ఫై రెండేళ్లలో అతనితో మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది 'ఊఁ' అని మాత్రమే అన్నారు.

పన్నెండు దాటాక, వరసలో ఆఖరున మితవల్లీ మేస్త్రీ వచ్చాడు. సోఫాలకు గుడ్డ బిగించే పని అతనిది. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కోటీ నాలుకతో పెదాల మీదికి తెచ్చి సుత్తితో కొట్టే చెయ్యి. నలభై ఏళ్లు ఇనుము నమిలానని తనే చెప్పుకుంటాడు. కుడివైపు దవడ పళ్లన్నీ పోయాయి. ఎడమ పైవరసలో ఒక పన్ను పోయి సందు మిగిలింది. సందుకు ముందొక పన్ను, వెనకొక పెద్ద దవడ పన్ను. ఆ రెంటినీ అరగదీసి, వాటిమీద మూడు పళ్ల కట్టు ఎక్కించాలని డాక్టర్ హానియా నిర్ణయించింది. రేపు పొద్దున్నే మొదలు.

"నోరు తెరువు మేస్త్రీ. బొటనవేలు ఇక్కడ. అదిమి పట్టుకో."

"ఈ వేలుతో ఎన్ని సోఫాలు అదిమానో తెలుసా, ఒక ఫిల్ము లెక్కా?" అని, తర్వాత ఇంకేదో చెప్పబోయి ఫిల్ము అడ్డొచ్చి "ఊఁ" అని ఊరుకున్నాడు.

కడిగిన ఫిల్ము ఇంకా తడిగా ఉండగానే డాక్టర్ హానియా వెలుగుపెట్టె మీద పెట్టి చూసింది. ఆమెకు ముప్ఫై ఏళ్లు. పనిమంతురాలు. పొద్దున్నించీ ముప్ఫై ఎనిమిది నోళ్లు చూసి, ఒంటిగంటన్నర బస్సుకు మన్సూరా వెళ్లాలి. అక్కడ సాయంత్రం క్లినిక్కు, ఆరునెలల కూతురు.

"ఎముక బావుంది," అంది.

షెహాతా ఆమె భుజం వెనకనుంచి చూశాడు. పైవరస దవడ పంటికి మూడు వేర్లుంటాయి. చెంపవైపు రెండు, అంగిలివైపు ఒకటి. చిగుళ్ల జబ్బు ఎముకను తింటూ పోయి ఆ వేర్లు చీలే చోటికి చేరితే, పన్ను పైకి బావున్నట్టే ఉంటుంది, లోపల పట్టు పోతుంది. ఫిల్ము మీద అది కనబడదు. వెనకనున్న మూడో వేరు సరిగ్గా ఆ సందుకు అడ్డంగా నిలబడుతుంది. అయినా ఒక్కోసారి, వేరు అంచున, కొస చీలేచోటి వైపు తిరిగిన చిన్న ముక్కోణం నీడ పడుతుంది. నువ్వుగింజంత. ఇప్పుడు అక్కడ అలాంటిదేదో ఉన్నట్టుంది. లేనట్టూ ఉంది.

"డాక్టరమ్మా, కొంచెం పక్కనుంచి ఇంకోటి తీయమంటారా?"

"ఎందుకు బాబాయ్?"

"ఇక్కడ..." గోధుమరంగు వేలు ఫిల్మును తాకకుండా ఆగింది.

"అది లోపలి వేరు నీడ."

"అయ్యుండొచ్చు."

"పన్ను కదలట్లేదు. ప్రోబు పుల్ల చెంపవైపునుంచి చిగుళ్ల సందులో పెట్టి చూశాను, ఎక్కడా దిగలేదు. మనిషికి ఒక్కటే అని గోడమీద రాసింది నేను కాదుగా." కఠినంగా అనలేదు. గడియారం చూస్తూ అంది. "రేపు తొమ్మిదింటికి అరగదీస్తాను. కట్టేసేద్దాం, పాపం ఆయన మెతుకు నమలలేక చస్తున్నాడు."

"సరే డాక్టరమ్మా," అన్నాడు షెహాతా.

అతను వాదించే మనిషి కాదు. చీకటిగదికి వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టాడు. అడుగున ఒక్క పొట్లం తగిలింది. దవడ మళ్లీ లాగింది, ఈసారి చెవి కింద దాకా. పొట్లాన్ని కాసేపు వేళ్లమధ్య తిప్పాడు.

తర్వాత చొక్కా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, దాని వెనకనుంచి ఒక పాత ఫిల్ము బయటికి లాగాడు. అంచులు పసుపెక్కాయి. తెల్లటి అంచున ఇంకుతో ఒక పేరు, 'రౌహియా'.

ఆసుపత్రిలో ఆ పేరు ఎవరికీ తెలియదు. మగవాడు నలుగురిలో భార్యను పేరుతో చెప్పుకోవడం వాళ్లలో లేదు. ముప్ఫై ఏళ్లూ 'మా ఇంట్లో' అన్నాడు. 'మా ఇంట్లో ఒంట్లో బాలేదు' అని సెలవు పెట్టాడు. 'మా ఇంట్లో పోయింది' అని చెప్పి మూడు రోజులు రాలేదు. నాలుగోరోజు వచ్చినప్పుడు నగాత్ కళ్లు తుడుచుకుంది గానీ, ఆమె పేరేమిటని అడగలేదు. అడిగితే బాగుండదు.

రౌహియాకు ముప్ఫై ఆరేళ్లప్పుడు పై ఎడమ దవడ సలిపేది. షెహాతా ఒక శుక్రవారం, సెలవు రోజున, ఆమెను ఇక్కడికే తీసుకొచ్చి ఫిల్ము తీశాడు. అప్పుడు ఒక్కటే తీసేవాడు. ఎముక తెల్లగా ఉంది. 'ఏం లేదు, ఊరికే అనుకుంటున్నావ్' అన్నాడు. ఆ మాట ఆమె నమ్మింది. ఎనిమిది నెలలకు పన్ను ఊగింది. తర్వాత దాని పక్కవి. నలభై దాటేసరికి పై వరసలో ఎదురుగా కనబడే చోటే ఖాళీ. ఆమె నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడూ, దీపం ఆర్పాకా కూడా.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి పాత కవర్లు సర్దుతూ ఆ ఫిల్మును మళ్లీ వెలుగుకు పెట్టాడు. వేరు అంచున ముక్కోణం ఉంది. నువ్వుగింజంత. మొదటినుంచీ అక్కడే ఉంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆమెతో చెప్పాడు. బియ్యంలో రాళ్లు ఏరుతోందామె. తలెత్తి, "అంత చిన్నది ఎవరికి కనిపిస్తుందిలెండి," అంది. మళ్లీ పళ్లెంలోకి వంగింది.

అప్పటినుంచీ, ఎవరు అడిగినా అడక్కపోయినా, పైవరస దవడ పంటికి రెండో ఫిల్ము తీసేవాడు. కాగితం అంటించే దాకా.

షెహాతా నడవాలోకి వచ్చాడు. మితవల్లీ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"మేస్త్రీ, ఇంకొక్కసారి కూర్చుంటావా?"

"మళ్లీనా? ఇందాక నా మొహం సరిగ్గా రాలేదా?"

"మొహం బానే ఉంది. మూడు కాళ్ల పీట చేశావా ఎప్పుడైనా?"

"దమ్యాత్‌లో పుట్టినోణ్ని ఆ మాట అడుగుతావా?"

"దానికి ఎదురుగా నిలబడితే ముందు రెండు కాళ్ల మధ్య సందు కనబడుద్దా?"

"ఎట్లా కనబడుద్ది? వెనక కాలు అడ్డం." మితవల్లీ బొత్తాం వదిలేశాడు. "ఒక అడుగు పక్కకి జరగాల." కాసేపు షెహాతా మొహంలోకి చూశాడు. "నా పంటికేమైనా చెదలు పట్టిందా?"

"తెలీదు. అందుకే జరిగి చూద్దామని."

"చూడు, చూడు. ఇది ఊడితే నాకింక రెండో వైపు లేదు. ఏడాదిన్నరైంది బాతుకూర తిని. మా ఆవిడ ఉల్లిపాయ దట్టించి వండుద్ది, పిల్లలు తింటుంటే నేను పులుసులో రొట్టె ముంచుకుని కూర్చుంటా. మేకులు మాత్రం నోట్లో ఇప్పటికీ పోసుకుంటున్నాననుకో, వాటిని నమలక్కర్లేదుగా."

షెహాతా గొట్టాన్ని చలికి బిగిసిన కీలు కిర్రుమనేలా పక్కకు జరిపాడు. ఒక అరచెయ్యి వెడల్పు. గోడ వెనక్కి వెళ్లి మీట నొక్కాడు. పెట్టె ఖాళీ అయింది.

ఈసారి మందునీళ్ల దగ్గర నడక చేపల బజారు దగ్గర ఆగలేదు. బెంచీ దాకా వెళ్లి, ఫిల్ము ఎత్తి చూశాడు. లోపలి వేరు పక్కకు తప్పుకుంది. అది దాచిన చోట, వేర్లు చీలే నడుమ, నల్లటి ముక్కోణం. కొస తేలి, అంచులు స్పష్టంగా, ఎవరికైనా కనబడేలా ఉంది.

గది బయటికి వచ్చేసరికి ఒంటిగంటా నలభై. డాక్టరమ్మ గది తాళం వేసి ఉంది. మితవల్లీ పనికి వెళ్లిపోయాడు. నగాత్ కిటికీ మూసి గొడుగు వెతుక్కుంటోంది.

"రేపు డాక్టరమ్మ వచ్చేది ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి. నీకు తెలీదా? నువ్వు ఎనిమిదికల్లా ఇక్కడుంటావుగా." అతని మొహం చూసింది. "తీసుకున్నావా ఫిల్ము?"

"తీశాను."

"హమ్మయ్య. ఏమొచ్చింది?"

"రేపు చూపిస్తా డాక్టరమ్మకి."

అబద్ధం చెప్పినట్టనిపించలేదు. ఫిల్ము తీసిన మాట నిజమే.

ఆమె వెళ్లాక మళ్లీ చీకటిగదిలోకి వెళ్లాడు. ఫిల్మును పంపు కింద కడిగి, ఆరే తీగకు తగిలించాడు. చీటీ మీద పెన్సిలుతో, 'మితవల్లీ, పై ఎడమ, రెండోది' అని రాసి క్లిప్పుకు గుచ్చాడు. రేపు చూపించినప్పుడు ఆమె మళ్లీ వేరు నీడంటే? ఆ ముక్కోణం చిన్నగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఆమె కంటికి అలవాటు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి. జేబులోంచి రౌహియా ఫిల్మును తీసి, పక్క క్లిప్పుకు తగిలించాడు. పదేళ్లకు పైగా అది జేబు దాటి బయట ఒక పూట కూడా ఉండలేదు. తలుపు దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి చూసుకున్నాడు. రేపటికేగా అనుకున్నాడు. గుర్తింపు కార్డు ఉన్నా, జేబు ఖాళీగా తోచింది.

వాన వెలిసింది. రోజూ మనసులో నడిచే దారిని ఇప్పుడు కాళ్లతో, తిరుగుదారిగా నడవాలి. బెంచీ దగ్గరికి చేరేసరికే నొప్పి దవడనుంచి భుజంలోకి, భుజంనుంచి చేతిలోకి దిగింది. కొంచెంసేపు కూర్చుని వెళదామనుకున్నాడు. ఒడ్డున టీ కాచేవాడు అడక్కుండానే గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. నది మట్టిరంగులో ఉంది. చేపల పడవ ఒకటి సముద్రం వైపు పోతోంది. షెహాతా దాన్ని చూస్తూ బెంచీకి వీపు ఆనించాడు.

మూడింటి అసర్ నమాజు అయ్యాక టీవాడు గ్లాసు కోసం వచ్చాడు. టీ నిండుగా ఉంది, చల్లారిపోయింది. కునుకు తీస్తున్నాడనుకుని, "బాబాయ్, చలిలో పడుకున్నావ్," అని భుజం తట్టాడు.

మర్నాడు తొమ్మిదింటికి మితవల్లీ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. డాక్టర్ హానియా మత్తు సూది చేతిలోకి తీసుకుంది.

"బాబాయ్ ఇవాళ రాలేదేంటి?" అని తలుపు వైపు అడిగింది. నగాత్ అక్కడ లేదు. ఆలస్యంగా వస్తోంది.

"ఆ రెండోది చూశారా డాక్టరమ్మా?" అన్నాడు మితవల్లీ.

"ఏ రెండోది?"

"నిన్న మీరెళ్లాక తీశాడుగా. పక్కకి జరిగి. మూడు కాళ్ల పీటని చెప్పాడు. నా పంటికి చెదలేమైనా ఉందేమో చూస్తానన్నాడు."

ఆమె సూది ట్రేలో పెట్టింది. చీకటిగదిలో దీపం స్విచ్చి ఎక్కడుందో ఆమెకు తెలియదు. వెతికి వేసింది. తీగమీద రెండు ఫిల్ములు. చీటీ ఉన్నదాన్ని తెచ్చి వెలుగుపెట్టె మీద పెట్టింది. నిన్నటిదాన్ని దాని పక్కన పెట్టింది. రెంటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత డ్రాయర్ వెతికి కొక్కెంలా వంగిన ప్రోబు తీసి, ఈసారి అంగిలివైపునుంచి పెట్టింది. వంపు మొత్తం వేర్ల సందులోకి జారిపోయింది.

"ఈ పంటిమీద కట్టడం లేదు మేస్త్రీ," అంది. "నిన్న నేను సరిగా చూడలేదు. దీని జబ్బు ముందు చూడాలి. నిలిస్తే ఉంచుదాం. నిలవదంటే ఇది తీసేసి వేరే దారి చూద్దాం. సందుకు ముందున్న పన్ను మాత్రం నీకు దక్కుద్ది, దాన్ని అరగదీయను."

"అరగదీసుంటే?"

"రెండూ పోయేవి."

మితవల్లీ నాలుకతో ఆ పంటిని ఒకసారి తడుముకున్నాడు.

అప్పుడు నగాత్ వచ్చింది. నల్లదుస్తుల్లో ఉంది. తలుపు దగ్గరే నిలబడి, బెంచీ సంగతి, జేబులో కార్డు చూసి పోలీసులు ఫోను చేసిన సంగతి, మధ్యాహ్నపు దుహర్ నమాజుకు ఖననమని, అన్నీ చెప్పింది. "నిన్న పొద్దున్నించీ దవడ పట్టుకునే ఉన్నాడు డాక్టరమ్మా. పంటినొప్పన్నాను. ఫిల్ము తీసుకోమన్నాను. తీశానన్నాడు."

డాక్టర్ హానియా వెలుగుపెట్టె వైపు చూసింది. పొద్దున్నించీ దవడ నొప్పి, చలిలో, ఆనక బెంచీ మీద. అది గుండెదని, ఏ పంటి ఫిల్ములోనూ కనబడే నొప్పి కాదని ఆమెకు తెలుసు. నగాత్‌తో ఆ మాట అనలేదు.

మధ్యాహ్నం ఖననానికి ఆసుపత్రినుంచి అయిదుగురు వెళ్లారు. మితవల్లీ కూడా వెళ్లాడు. పాడె మోసినవాళ్లలో ఎవరికీ షెహాతా ఇల్లు ఎక్కడో సరిగ్గా తెలియదు.

తిరిగొచ్చాక డాక్టర్ హానియా చీకటిగదికి వెళ్లింది. తొట్లు ఖాళీ చేయించాలి. తీగమీద రెండో క్లిప్పుకు పాత ఫిల్ము ఇంకా వేలాడుతోంది. తీసి వెలుగుకు పెట్టింది. పై ఎడమ దవడ పన్ను. వేరు అంచున నువ్వుగింజంత నీడ. నిన్నయితే ఆమెకు కనబడేది కాదు.

"నగాత్, రౌహియా ఎవరు? ఫైలు నంబరు లేదు."

నగాత్ రిజిస్టర్లు తిరగేసింది. ఈ ఏడాదివి, పోయిన ఏడాదివి, బీరువా పైనున్న పాతవి కూడా.

"ఆ పేరుతో మన దగ్గర ఎవరూ లేరు డాక్టరమ్మా. పారేయమంటారా?"

"వద్దు. ఎవరిదో తెలిసేదాకా ఉండనీ."

ఆమె ఫిల్మును మళ్లీ క్లిప్పుకు తగిలించి దీపం ఆర్పింది. తలుపు సందులోంచి వచ్చిన గాలికి అది తీగమీద ఒకవైపు తిరిగి, మళ్లీ నిలబడింది. పసుపెక్కిన అంచు, మూలన చిన్న బొడిపె, ఇంకు వెలిసిన పేరు.